గంటల తాత గొంతు

మ్యూజియంలో మేడ మెట్ల కింద ఉన్న ఆ గదికి ఎవరు పెట్టారో గానీ మూగగది అని పేరు. తలుపు మీద మాత్రం డిజిటల్ విభాగం అని రాసి ఉంటుంది. లోపల గోడ పొడవునా చిన్న చిన్న తెరలు. ఏ హాల్లో ఏ వీడియో నడుస్తోందో అక్కడ కూర్చునే చూడవచ్చు. ఒకదాంట్లో పడవ కడుతున్న మనుషులు, ఒకదాంట్లో తాడు పేనుతున్న చేతులు, ఇంకోదాంట్లో రాతి బొమ్మ మీద మట్టి దులుపుతున్న కుంచె. అన్నిటికీ శబ్దం పెడితే సంత అయిపోతుందని, ఆ గదిలో శబ్దం కట్టేసి పని చేయడం మొదటి నుంచీ వస్తున్న అలవాటు. కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది అదే. “ఇక్కడ పనంతా కళ్లకి. చెవులకి సెలవు” అని వెనకటి ఆఫీసరు అనేవాడట.

ఆ అలవాటే కొంప ముంచింది.

ఆ గదిని ఇప్పుడు చూసుకునే అమ్మాయిని అందరూ తెరలమ్మాయి అంటారు. ఆమెకు ఆ పేరు ఇష్టమూ కాదు, కష్టమూ కాదు. మాట తక్కువ మనిషి. పొద్దున వచ్చి హాళ్లన్నీ ఒకసారి తిరిగి, నల్లబడ్డ తెరలను వెలిగించి, వేలిముద్రలు పడ్డవాటిని తుడిచి, తన గదిలోకి వెళ్లిపోతుంది. ఆ రోజు మాత్రం తిన్నగా గంటల గదికి వెళ్లింది. మరమ్మతుల కోసం చాలాకాలం మూసి ఉంచిన ఆ గదిని సాయంత్రం నాలుగింటికి తెరవబోతున్నారు.

గది మధ్యలో ఒక ఖాళీ దిమ్మె ఉంది. దాని మీద పెట్టాల్సిన గంట ఇంకా రాలేదు. గంటల తాత పోత పోసిన ఆఖరి గంట అది. ఆయన పోయి పదేళ్లు దాటింది. కొలిమి ఇప్పుడు ఆయన కూతురిది. గంట ఇవ్వమని అడగడానికి క్యూరేటరు మేడం స్వయంగా ఆవిడ దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. రెండోసారి ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, ఒకే ఒక్క మాట అందట. “గంట ఇస్తాను. దాని పక్కన మా నాన్న గొంతు వినపడాలి. అది లేని రోజున నా గంట నాకు తెచ్చివ్వండి.”

ఆ గొంతు మ్యూజియంలోనే ఉంది. ఎప్పుడో ఎవరో కెమెరా పట్టుకుని కొలిమికి వెళ్లి తాతను మాట్లాడించి తీసిన టేపు అది. ఆ టేపు ఆ ఇంట్లోనే ఉండేది. పాడైపోతోందని కూతురు తెచ్చి మ్యూజియం చేతిలో పెట్టింది. కాపీ తీశాక టేపు ఉల్లిపొరలా ఊడిపోయింది. అప్పటినుంచీ గంటల తాత గొంతుకు లోకంలో మ్యూజియమే ఇల్లు.

తెరలమ్మాయి గోడకున్న పెద్ద తెర వెలిగించింది. గోచీ పైకి దోపుకుని, మోకాళ్ల మధ్య మట్టి అచ్చు పెట్టుకుని కూర్చున్న ముసలాయన కనిపించాడు. పొగకు ఎర్రబడ్డ కళ్లు, కాలిన మచ్చల చేతులు. ఈ బొమ్మను ఆమె తన గదిలో ఎన్నోసార్లు చూసింది. స్పీకర్ల తీగలు తగిలించి, శబ్దం పెంచింది.

“ఈ ప్రాచీన కళలో మొదటి దశ అచ్చు తయారీ” అంది గోడ.

నున్నగా, ఇస్త్రీ చేసినట్టున్న గొంతు. రేడియోలో వార్తలు చదివే మనిషి గొంతు. తెర మీద తాత పెదాలు కదులుతున్నాయి. మాట మాత్రం ఆయనది కాదు.

ఆమె శబ్దం తగ్గించి మళ్లీ పెంచింది. మళ్లీ అదే. తాత తల పక్కకు తిప్పి ఎవరినో పిలుస్తున్నాడు. గోడ మాత్రం కంచులో రాగి పాళ్ల గురించి చెబుతోంది.

మూగగదికి ఆమె పరుగెత్తిందో నడిచిందో ఆమెకే తెలియదు. నకళ్లు భద్రపరిచే దాచుడు డిస్కు తీసి చూసింది. తాత వీడియో ఉన్నది ఒక్కటే. అదీ ఇదే. వెనకటి ఆఫీసరు కాలంలో, ముసలాయన మాట జనానికి అర్థం కావడం లేదని, ఆయన గొంతు తీసేసి పైన ఇంకొకరి చేత చెప్పించారు. ఆ కాపీనే దాచుడు డిస్కులో పెట్టారు. అసలైనది పెద్ద కంప్యూటర్లో ఉండేది. గంటల గది మూసినప్పుడు, చోటు కావాలని, దాన్ని తీసేసింది తెరలమ్మాయే. ఊరికే తీసేయలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూసింది. అదే తాత, అదే అచ్చు, అదే నిడివి. చూసింది, వినలేదు. పెద్ద కంప్యూటర్లో ఏది తీసేస్తే దాని నకలు డిస్కులోంచి కూడా తనంతట అదే పోతుంది. ఆ ఏర్పాటూ ఆమె చేసిందే, అన్నీ చక్కగా ఒక్కలా ఉండాలని.

ఆమె అమ్మమ్మ పోయినప్పుడు ఇంట్లో ఫొటోలు బోలెడు తేలాయి. పెళ్లిలో, పేరంటంలో, గేటు దగ్గర నిలబడి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. అమ్మ అప్పుడప్పుడు “ఎలా పిలిచేదే నిన్ను, ఒకసారి అనవే” అని అడుగుతుంది. ఆమె అనబోతుంది. రాదు. ఒక మనిషి గొంతు పోవడమంటే ఏమిటో ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేదు.

క్యూరేటరు మేడం వచ్చేసరికి తెరలమ్మాయి కుర్చీలో కాకుండా నేల మీద కూర్చుని ఉంది.

“ఏంటమ్మా, దీపాలు సరిచూశావా?”

“తాత గొంతు లేదు మేడం.”

మేడం మొదట అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక తలుపు మూసింది. “ఆవిడ గంట తీసుకుని బయల్దేరిపోయింది. దారిలో ఉన్నానని ఇప్పుడే ఫోను చేసింది. ఎక్కడా లేదా? ఏ మూలనైనా?”

ఆ మూల అన్న మాటకు తెరలమ్మాయి తలెత్తింది. “స్టాండు తెర” అంది.

మూసే ముందు గంటల గదిలో చక్రాల స్టాండు మీద ఒక తెర ఉండేది. దాని వెనక చిన్న పెట్టె. ఆ పెట్టెలోని కార్డులో తాత వీడియో, తాత గొంతుతోనే, ఉండేది. గది మూశాక ఆ తెరను ఊరి అవతలి లైబ్రరీకి ఇచ్చేశారు. ఇచ్చినప్పటినుంచీ ఎవరూ వెలిగించలేదు. కాబట్టి అందులో తాత ఇంకా ఉన్నాడు.

“బతికించావు” అంది మేడం.

“లేదు మేడం. ఇవాళే దాన్ని మొదలుపెడుతున్నారు.”

ఆ పెట్టెకు సొంత గడియారం లేదు. వెలగగానే, లోపల ఉన్న సిమ్ము గాల్లోంచి తేదీ పట్టుకుని చెబుతుంది. తేదీ తెలియనంతసేపూ పెట్టె పాత రోజుల్లోనే ఉన్నాననుకుని పాతదే ఆడుతుంది. లైబ్రరీ వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండకూడదని, ఇచ్చేముందు ఆమె దానికి ఒక ఆజ్ఞ పెట్టి పంపింది. తేదీ తెలిసిన మరుక్షణం పాతదంతా చెరిపేసి, కొత్తదానికి చోటు చేసుకోమని. ఆజ్ఞ పెట్టె కడుపులోనే ఉంది. ఇక్కడ ఏం ఆపినా అది ఆగదు.

మేడం సిమ్ము కంపెనీకి ఫోను చేసింది. ఆపించవచ్చు, రేపటికి అవుతుందన్నారు. లైబ్రరీకి చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు.

“లైబ్రరీ కదా” అంది తెరలమ్మాయి నీరసంగా. “ఫోను శబ్దం కట్టేసుకుంటారు.”

*

వ్యాను నడిపింది కరెంటు బాబాయి. మ్యూజియంలో దీపాలు, తీగలు చూసేది ఆయనే. చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. పొడిదగ్గు మనిషి. మాట మాటకీ మధ్య ఒక దగ్గు పెట్టుకుంటాడు, కామా పెట్టినట్టు.

“మొదలుపెట్టేది పదకొండింటికి కదా” అన్నాడు. “మనం ముందే ఉంటాం. నువ్వా గోళ్లు కొరకడం ఆపు తల్లీ. అన్నీ తినేస్తే రేపు బటన్లు ఎలా నొక్కుతావు?”

ఆమె నవ్వలేదు. ముందు లారీ ఒకటి అడ్డంగా తిరుగుతోంది. “హారన్ కొట్టండి బాబాయ్.”

“కొడితే లారీ ఎగిరిపోతుందా? సరే, అక్కడికెళ్లి ఏం చేస్తావో చెప్పు.”

“వెలిగించకుండా ఉంటే, వెనక పలక విప్పి కార్డు లాగేస్తాను.”

“వెలిగించి ఉంటే?”

ఆమె మళ్లీ గోరు నోట్లో పెట్టుకుంది. “వెలుగుతుండగా ప్లగ్గు పీకితే కార్డు చచ్చిపోతుంది. కిందటేడు పడవల హాల్లో రెండు అలాగే పోయాయి. మెల్లగా ఆపాలంటే మన గదిలోంచే ఆపాలి. అందుకు సిమ్ముకి సిగ్నల్ అందాలి. సిగ్నల్ అందితే తేదీ తెలుస్తుంది. తేదీ తెలిస్తే చెరిపేస్తుంది.”

“ముందు నుయ్యి, వెనక గొయ్యి.” బాబాయి దగ్గాడు. “ఇంత గట్టిగా ఎవరు చేశారమ్మా దాన్ని?”

“నేనే” అంది తెరలమ్మాయి.

బాబాయి లారీ పక్కనుంచి వ్యానును ఇరుకులో దూర్చాడు.

లైబ్రరీ గుమ్మానికి కాగితపు తోరణాలు కట్టి ఉన్నాయి. లోపల కుర్చీలు వరసగా వేశారు, ఇంకా ఎవరూ కూర్చోలేదు. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట, చక్రాల స్టాండు మీద తెర. మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంది. వెలగకుండా, నిద్రపోతున్నట్టుగా ఉంది. తెరలమ్మాయికి ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది.

లైబ్రరీ మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జీవితమంతా నెమ్మదిగా మాట్లాడీ మాట్లాడీ గొంతు గుసగుసగానే స్థిరపడిపోయింది. ఆమె చెప్పిందంతా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

“ఇచ్చినది మళ్లీ విప్పుతానంటే ఎలాగమ్మా? తెర ప్రారంభించడానికి మా సంస్థ చైర్మన్ గారు వచ్చేస్తున్నారు. వచ్చేసరికి వెనక పలక ఊడి, తీగలు వేలాడుతూ ఉంటే నన్నేమంటారు?”

“పలక మళ్లీ బిగించేస్తాను మాస్టారూ. కొత్త కార్డు వేసే ఇస్తాను.”

“ఆయన వెళ్లాక విప్పుకోండి. నేనే స్క్రూడ్రైవర్ ఇస్తాను.”

“ఆయన నొక్కాక అందులో ఏమీ ఉండదు.”

“మాస్టారూ” అని బాబాయి కలగజేసుకున్నాడు. “మీ బీరువాలో ఒకే ఒక్క ప్రతి ఉన్న పుస్తకం ఉందనుకోండి. దాన్ని చైర్మన్ గారు చించి ప్రారంభోత్సవం చేస్తానంటే ఒప్పుకుంటారా?”

మాస్టారు కళ్లజోడు తీశాడు. ఆ పోలిక ఆయనకు ఎక్కడో తగిలింది. “ఒకే ప్రతా?” అన్నాడు. “ఒకే ప్రతి పెట్టుకున్నారా, మీరు, మ్యూజియం వాళ్లు?” మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, “సరే, త్వరగా కానివ్వండి” అన్నాడు.

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే కిటికీ వైపు ఏదో టిక్కుమంది. స్టాండు దుమ్ము తుడుస్తున్న లైబ్రరీ ఆయమ్మ, చైర్మన్ గారు వచ్చాక వెలక్కపోతే పరువు పోతుందని, ఒకసారి చూద్దామని స్విచ్చు వేసింది.

ఎర్రగుడ్డ వెనక వెలుగు వచ్చింది.

తెరలమ్మాయి గుడ్డ లాగేసింది. తెర మధ్యలో తెల్లని చక్రం తిరుగుతోంది. పై మూలన సిగ్నల్ గీతలు బూడిదరంగులో ఉన్నాయి. ఒక చిన్న గీత ఆకుపచ్చగా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది.

“పీకేయనా?” అన్నాడు బాబాయి, చెయ్యి ప్లగ్గు మీద పెట్టి.

పీకితే కార్డు పోవచ్చు. పీకకపోతే తప్పకుండా పోతుంది. ఆమె నోరు తెరిచింది. అప్పుడే చక్రం ఆగి, తెర మీద తాత వచ్చాడు. మోకాళ్ల మధ్య అచ్చు. గొంతు సవరించుకున్నాడు.

“ఇదిగో, మట్టి అంటే మట్టి కాదు” అన్నాడు తాత.

పొగ పట్టిన గొంతు. గులకరాళ్ల మీద బండి లాగినట్టుంది. తెరలమ్మాయి స్పీకరు వైపు వంగింది. బొమ్మ తన దగ్గర ఉంది, దాచుడు డిస్కులో, చెక్కుచెదరకుండా. లేనిది ఇదొక్కటే. ఇది ఇప్పుడు, ఈ గదిలో, గాల్లోకి వస్తోంది.

“పీకొద్దు” అంది. “మాస్టారూ, ఈ లైబ్రరీలో ఫోను పలకని చోటు ఏది?”

మాస్టారు ఆలోచించలేదు. “ఇనప బీరువాల వెనక. అక్కడ సిగ్నల్ చస్తే రాదు. అందుకే బుద్ధిమంతులందరూ అక్కడే చదువుకుంటారు.”

“తోయండి.”

స్టాండు చక్రాలు కిర్రుమన్నాయి. బాబాయి ఒకవైపు, మాస్టారు ఒకవైపు, ఆయమ్మ వెనక తీగ ఎత్తి పట్టుకుని, పెళ్లికొడుకు పల్లకీ మోసినట్టు తోసుకెళ్లారు. తాత అచ్చుకు మైనం ఎలా పూయాలో చెబుతూనే ఉన్నాడు. సిగ్నల్ గీతలు రెండయ్యాయి. బీరువాల మొదటి వరస దాటగానే ఒకటయింది. రెండో వరసకు ఇంకా జానెడు దూరం ఉండగా తీగ బిగుసుకుంది.

“చాలదు” అన్నాడు బాబాయి. “అతుకు వెయ్యాలంటే ప్లగ్గు తియ్యాలి.”

గీత వెలిగింది, ఆరింది, వెలిగింది.

“అది రాకపోతే బీరువానే తెద్దాం” అంది ఆయమ్మ. అంతవరకూ ఎవరూ ఆమె వైపు చూడలేదు. తను వేసిన స్విచ్చే ఇదంతా చేసిందని ఆమెకు తెలిసిపోయింది. ఖాళీ బీరువా ఒకటి గోడవారన ఉంది. ఆమె దానికి భుజం ఆనించింది. మాస్టారు పరుగెత్తాడు. బీరువా నేల మీద గీరుకుంటూ వచ్చి, కిటికీకీ తెరకీ మధ్య నిలబడింది. బాబాయి దాని తలుపులు రెండూ బార్లా తెరిచి, తెరను చుట్టేలా పెట్టాడు.

గీత ఆరింది. మళ్లీ వెలగలేదు. దాని చోట చిన్న అక్షరాల్లో, వెతుకుతోంది, అని వచ్చింది.

తెరలమ్మాయి భుజాన ఉన్న సంచీలోంచి రికార్డరు తీసింది. సందర్శకుల మాటలు పట్టడానికి వాడే చిన్న యంత్రం. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, స్పీకరు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి భాగం పోయింది. వీడియో అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వస్తుంది. అంతదాకా ఆ గీత వెలగకూడదు. ఎవరూ మాట్లాడకూడదు.

ఆమె వెనక్కి తిరిగి వేలు పెదాల మీద పెట్టుకుంది. మాస్టారుకు ఆ సైగ అర్థమైనంతగా లోకంలో ఇంకెవరికీ అర్థమై ఉండదు. పిల్లిలా వెళ్లి పంకా ఆపాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

తాత చెబుతున్నాడు. “కంచు కరిగిందా లేదా అని రంగు చూడొద్దు. కళ్లు మోసం చేస్తాయి. చెవి ఒగ్గి విను. బుసబుసలాడతా ఉంటది, పాములాగ. ఆ బుస ఆగి, ఒక్క మూలుగు వస్తది, నిద్రలో మనిషి మూలిగినట్టు. అప్పుడు పొయ్యాలి. ముందు పోస్తే గంట మూగది. వెనక పోస్తే బీటది.”

బయట కారు ఆగిన చప్పుడు. తలుపులు పడ్డాయి. నలుగురైదుగురి మాటలు. చైర్మన్ గారి గొంతు అందరికంటే ముందు మెట్లెక్కింది. “ఏవయ్యా మాస్టారూ, మా తెర ఎక్క...”

అక్కడ ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి మాస్టారు ఒక చైర్మన్ నోటికి ఎదురుగా అరచెయ్యి పెట్టాడు. ఏం సైగ చేశాడో గానీ, వచ్చినవాళ్లంతా చెప్పులు విప్పి చేతపట్టుకుని, ఎవరి ఇంట్లోనో పసిపిల్ల నిద్రపోతున్నట్టు, గోడవారన నిలబడిపోయారు.

వీడియో అయిపోయింది. తెర ఒక్క క్షణం నల్లబడింది. తెరలమ్మాయి బటన్ మీద వేలు పెట్టుకుంది. తాత మళ్లీ వచ్చాడు. “ఇదిగో, మట్టి అంటే మట్టి కాదు.”

ఆమె రికార్డరు నొక్కింది. ఎర్రచుక్క వెలిగింది.

మట్టి అయింది. మైనం అయింది. కంచు అయింది. తాత మాటల మధ్య చాలాసేపు ఆగేవాడు. ఆగినప్పుడల్లా గదిలో మనుషులు ఉన్నారని రికార్డరుకు తెలిసిపోతుందేమో అనిపించేది. ఆమె మోకాలి కింద గరుకు నేల గుచ్చుకుంటోంది. కదల్లేదు. కంటి కొసన బాబాయి కనిపించాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని, బీరువా తలుపు పట్టుకుని, భుజాలు ఎగరేస్తున్నాడు. దగ్గు. ఎప్పటినుంచి ఆపుకుంటున్నాడో. తలుపు వదిలి బయటకు పోలేడు. వదిలితే అది మూసుకుంటుంది, గీత వెలుగుతుంది. ఆమె ఆయన కళ్లలోకి చూసింది. ఆయన తల ఊపాడు, ఆపుతాను అన్నట్టు.

“చిన్నమ్మీ” అని తాత తల పక్కకు తిప్పి పిలిచాడు. “ఇట్రా. నువ్వే కొట్టు. మెల్లగా. ఇంక ఎవరూ మాట్లాడొద్దు. చచ్చేదాకా వినాలి దాన్ని.”

చిన్న చెయ్యి ఒకటి తెరలోకి వచ్చింది. చెక్క సుత్తి గంటను తాకింది.

ఆ మోత ఇనప బీరువాల్లో తిరిగింది. పుస్తకాల మీదుగా, గోడవారన చెప్పులు పట్టుకున్న మనుషుల మీదుగా తిరిగి, సన్నబడి, ఇంకా సన్నబడి, ఉందో లేదో తెలియనంత అయింది. ఇక పోయింది అనుకునేలోగా ఇంకొంచెం ఉంది.

బాబాయి దగ్గాడు.

ఒక్కటే దగ్గు. చిన్నది. తువ్వాలులోంచి.

తెర నల్లబడింది. ఎర్రచుక్క ఆరిపోయింది. ఆపేసిన రికార్డరును తెరలమ్మాయి సంచీలో పెట్టుకుంది. తర్వాత చైర్మన్ గారు గుసగుసగా, “మరి నేను ఏది నొక్కాలి?” అన్నారు.

*

రికార్డు చేసుకున్నాక తెరలమ్మాయి, పోతే పోయిందని ప్లగ్గు తీసి కార్డు చేతిలో పెట్టుకుని వచ్చింది. మూగగదిలో పెట్టి చూస్తే కార్డు పలకలేదు. అనుకున్నదే అయినా, ఎత్తు నుంచి కాలు జారినట్టయింది. ఇక ఉన్నది రికార్డరులోనిదే. దాన్ని తాత బొమ్మకు జత చేసింది. పెదాలకు మాట అతికింది. దగ్గు దగ్గర ఆగి, తెర మీది శబ్దపు గీతలో చిన్న ముల్లులా లేచిన దాన్ని చూసింది. తీసేయవచ్చు. కానీ అది ఉన్నచోటే గంట మోత తోక కూడా ఉంది. దగ్గును కోస్తే తోకా తెగుతుంది.

క్యూరేటరు మేడం తల మీద చెయ్యి వేసి, “చాలు. బాగుంది” అంది. గొంతు తగ్గించి, “జరిగిందంతా ఆవిడకి చెప్పాల్సిన పని లేదు. గొంతు వినపడాలంది, వినపడుతుంది” అంది.

తెరలమ్మాయి స్పీకర్ల తీగలు సరిచూడటానికి గంటల గదికి నడిచింది.

గంట వచ్చింది. కూతురు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, గోనెపట్టా విప్పి, తనే దిమ్మె మీద పెట్టింది. నలభై దాటిన మనిషి. మోచేతుల దాకా కాలిన మచ్చలు, తండ్రికున్నట్టే. తెరకు ఎదురుగా కాకుండా, తెర వైపు వీపు పెట్టి నిలబడింది. “బొమ్మ నాకు తెలిసిందే. పెట్టండి” అంది.

తాత మాట మొదలవగానే ఆవిడ కళ్లు మూసుకుంది. మట్టి. మైనం. కంచు మూలుగు. చిన్నమ్మీ అన్న పిలుపు దగ్గర ఆవిడ గడ్డం కొంచెం పైకి లేచింది, ఇప్పుడే పిలిచినట్టు. గంట మోగింది. సన్నబడింది. దగ్గు.

ఆవిడ కళ్లు తెరిచింది. “ఆపండి.”

మేడం ముందుకొచ్చింది. “పాత టేపు కదండీ, కొంచెం చప్పుళ్లు...”

“ఆ రోజు కొలిమి దగ్గర మేం ముగ్గురమే. నాన్న, నేను, కెమెరా అతను. ఎవరూ దగ్గలేదు.” ఆవిడ గొంతు పెరగలేదు. “మా కొలిమి మీద రేకుల కప్పు. ఈ గంట మోత రేకుల కింద మోగినట్టు లేదు. ఇనప పెట్టెలో మోగినట్టుంది. ఇది నేనిచ్చింది కాదు.”

ఆవిడ చెయ్యి గంట మీద ఉంది. గోనెపట్టా ఇంకా దిమ్మె పక్కనే పడి ఉంది.

“మీరిచ్చింది పోయిందండీ” అంది తెరలమ్మాయి. మేడం ఆమె వైపు చూసింది. ఆమె మేడం వైపు చూడలేదు. “నేనే పోగొట్టాను. రెండు కాపీలూ ఒకటే అనుకున్నాను. చూశాను, వినలేదు. మా గదిలో శబ్దం పెట్టం.” తర్వాత స్టాండు తెర గురించి, బీరువా గురించి, చెప్పులు చేతపట్టుకున్న మనుషుల గురించి చెప్పింది. ఎక్కువ మాటలు లేవు. ఉన్నవి వరసగా చెప్పింది.

కూతురు విన్నంతసేపూ గంట అంచు మీద వేలు తిప్పుతూ ఉంది.

“వినలేదా” అంది చివరికి. “మా నాన్న అయితే సుత్తి విసిరేవాడు.”

“విసరండి” అంది తెరలమ్మాయి.

ఆవిడ ఆమెను కింద నుంచి పైదాకా చూసింది. మోకాళ్ల దగ్గర బట్టకు అంటిన లైబ్రరీ దుమ్ము చూసింది. “గంట ఉంటుంది. కానీ ఇకమీద ఏడాదికోసారి నన్ను ఇక్కడికి పిలవాలి. ఇలాగే మొదటి నుంచి చివరి దాకా వినిపించాలి. నేను పోతే మా అమ్మాయిని పిలవండి. మీ కళ్ల మీద నాకు నమ్మకం లేదు.”

“పిలుస్తాం” అంది మేడం.

“మీరు కాదు. ఈ అమ్మాయి పిలవాలి. నువ్వూ పక్కన కూర్చుని వినాలి, విన్నావా?”

తెరలమ్మాయి తల ఊపింది.

ఆవిడ గోనెపట్టా మడిచి చంకన పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “ఇంతకీ ఆ దగ్గిందెవరు?”

నిచ్చెన పక్కన, దీపం సరిచేస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డ కరెంటు బాబాయి చెయ్యెత్తాడు, బడిలో పిల్లాడిలా. “నేనేనమ్మా. ఆపుకున్నాను. అది ఆగలేదు.”

“కావాలంటే మళ్లీ ప్రయత్నించి తీయిస్తాం” అంది మేడం.

“ఉండనివ్వండి” అంది ఆవిడ. “మా నాన్న గంట చప్పుడు మధ్యలో దగ్గి, తిట్లు తినకుండా తప్పించుకున్న మనిషిని నేను చూడటం ఇదే మొదలు.”

అప్పటికి నాలుగు కావస్తోంది. బయట జనం చేరిన చప్పుడు. తెరలమ్మాయి శబ్దం ఇంకాస్త పెంచి, వీడియోను మొదటికి తిప్పింది. తాత మట్టి గురించి మొదలుపెట్టాడు. చిన్నమ్మీ అని పిలిచి, గంట మోగి, ఆ మోత సన్నబడే వేళకు, బాబాయి నిచ్చెన మీద ఉన్నవాడు ఉన్నట్టుండి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.